ఇంటిపేరు మారిన పన్ను

మంట కాడికి జరుగు బిడ్డా. దిల్‌సుఖ్‌నగర్ కోచింగుల నీట్ కోసమని మాంజిఫెరా ఇండికా, హోమో సేపియన్స్ అని బట్టీ పడ్తున్నవ్ గద, గసుంటి పేర్ల ముచ్చటే జెప్త.

ఎల్బీనగర్ చౌరస్త దాటి నాగోలు దిక్కు పోతె బండ్లగూడల జియలాజికల్ సర్వే ఆఫీసు లేదా? గా సర్వేల పి. యాదగిరి అని సారు ఉండె. బిర్లా మ్యూజియంల నిలవెట్టిన రాక్షసబల్లికి 1988ల కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు వెట్టింది ఆయనే. అందరు దాన్నే జూస్తరు. నాకైతే ఆ కాలంలనే ప్రాణహిత లోయల తిరిగిన, పిసరంతే ఉండే పాలిచ్చే జీవాల ముచ్చటే ఇష్టం.

వాటియి దొరికేది పండ్లే. మట్టి బస్తాలకు బస్తాలు తెచ్చి, నానవెట్టి, సన్న జల్లెడల కడగాలె. మిగిలిన రవ్వను మైక్రోస్కోపు కింద పోసి ఒక్కొక్కటి జరుపుకుంట ఏరాలె. మిల్లీమీటర్ల లెక్క పన్ను దొరికితె దొరికినట్టు, లేకుంటె ఇంకో బస్తా.

1981ల దత్తా అనేటాయన ఒకదానికి కోటాథీరియం హాల్డేని అని వెట్టిండు. సిరొంచ కాడి కోట ఊరు, మన దేశమొచ్చి ఈడనే కన్నుమూసిన సైంటిస్టు హాల్డేన్ పేరు కలిపి. యాదగిరి సారు ఊకుంటడా? 1984ల ఇండోథీరియం ప్రాణహితై, మర్సటేడు త్రిశూలోథీరియం కోటాయెన్సిస్. ఒకటి నది పేరు, ఒకటి ఊరు పేరు. ఎవరి పేరు వాళ్లే వెట్టుకునే రివాజు లేదాయె.

మరి ఆయన పేరెవలు వెట్టాలె? 1997ల జి.వి.ఆర్. ప్రసాద్, మన్హాస్ గల్సి పాత ఆదిలాబాద్ జిల్లా పైకసిగూడెం మట్టిల దొరికిన పంటికి కోటాథీరియం యాదగిరీ అన్నరు. 2002ల వాళ్లే మళ్ల పరీక్షవెట్టి, ఇది ఆ ఇంటిది గాదన్నరు. కోటాథీరియం పంటి మొనలు ముక్కోణంల ఉంటయి, దీనియి ఒక్క గీత మీద వరుసగ. అట్ల పైకసిగూడోడాన్ యాదగిరీ అయింది.

సైన్సు పేర్లల్ల గూడ మన లెక్కనే, ఇంటిపేరు ముందు, సొంత పేరు ఎనుక. ఇంటిపేరు మారినా యాదగిరి కదల్లే. సొంత పేరు ఏ ఇంటికి పోయినా ఎంట వొస్తదని రూలు. కాకపోతె మొదలు పేరు వెట్టినోళ్లను బ్రాకెట్లల్ల రాస్తరు, ఇల్లు మారిందని సదివెటోళ్లకు తెల్వనీకి. మీ సార్లు ఈ బ్రాకెట్ల సంగతి జెప్పిండ్రా?