కూత మనది, బరి ఎవరిది?

ప్రత్యేక సంచిక అనగానే వ్యవస్థాపకుల ఫొటోలు, అధ్యక్షుల వరుస, కట్టడానికి శంకుస్థాపన చేసిన తేదీ ఉంటాయి. తిరువూరు పల్లెల కబడ్డీకి అలాంటి పేజీ రాయబోతే చెయ్యి ఆగిపోతుంది. ఇక్కడ ఆటకు కట్టడం లేదు, శిలాఫలకం లేదు. కోత అయిపోయిన మడి, సెలవుల్లో హైస్కూలు గ్రౌండు, తిరునాళ్ల నాడు గుడి వెనక ఖాళీ జాగా, ఎక్కడ సున్నపు గీతలు పడితే అదే బరి. మైకు అద్దె ఒకరిది, మొదటి బహుమతి మరొకరిది, ఆటగాళ్లకు రాత్రి భోజనం ఇంకొకరిది. పండగ వెళ్లగానే గీతలు చెరిగిపోతాయి, లెక్కల పుస్తకం ఎవరి ఇంట్లోనో ఉండిపోతుంది.

ఆటకు మాత్రం పెద్ద చరిత్రే ఉంది. మనం చెడుగుడు అన్నదాన్ని మరాఠీవాళ్లు హుతుతు అన్నారు, బెంగాలీలు హడుడు అన్నారు. పద్ధతులూ మూడు రకాలు. సంజీవనిలో అవతలివాణ్ణి ఔట్ చేస్తే మనవాడు బతికి మళ్లీ బరిలోకి వస్తాడు. గామినిలో ఔటైనవాడు జట్టంతా అయ్యేదాకా బయటే కూర్చోవాలి. అమర్‌లో ఎవరూ బయటికి పోరు, పాయింట్లు మాత్రం లెక్కకొస్తాయి. వీటిని ఒక దారికి తెచ్చే పని మొదట మహారాష్ట్ర, బరోడా వ్యాయామశాలలు తలకెత్తుకున్నాయి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి ఈ ఆటను అక్కడ ప్రదర్శించింది. ఆ అమరావతి విదర్భలోది. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడింది. 1952లో మద్రాసులో పురుషుల జాతీయ పోటీలు జరిగాయి. ఈనాటి కబడ్డీలో బతికి తిరిగొచ్చే సంజీవని పద్ధతే నిలిచింది. జట్టుకు బరిలో ఏడుగురు, కూతకు 30 సెకన్లు, మగవాళ్ల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు.

ఆడపిల్లల బరి 12కి 8 మీటర్లు. వాళ్ల జాతీయ పోటీలు 1955లో కలకత్తాలో మొదలయ్యాయి. ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీ 1990లో బీజింగ్‌లో అడుగుపెట్టింది. మహిళల వంతు రావడానికి 2010 గ్వాంగ్‌జౌ దాకా, అంటే ఇరవై ఏళ్లు పట్టింది. ఆ ఏడాదే మన అమ్మాయిలు స్వర్ణం తెచ్చారు. ఊళ్లో ఈ ఎడం ఇంకా పెద్దది. బళ్లో పీఈటీ మాస్టారు పట్టు నేర్పినన్నాళ్లే ఆడపిల్ల ఆట. పదో తరగతి దాటాక ఆడదామంటే, సంక్రాంతి టోర్నమెంటు కరపత్రంలో మహిళల విభాగం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అడగడానికి ఊళ్లో సంఘమంటూ ఉండాలి కదా.

సంఘం ఉంటే ఏమవుతుందో ఐర్లాండు పల్లెల్లో కనిపిస్తుంది. అక్కడి నాటు ఆట హర్లింగ్. యాష్ అనే చెట్టు కర్రతో చేసిన వంపు బ్యాటు, తోలు బంతి, జట్టుకు పదిహేను మంది. 1884 నవంబరు 1న థర్లెస్ పట్టణంలోని ఒక హోటల్లో మైకేల్ కుసాక్, ఇంకొందరు కూర్చుని గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పెట్టారు. ఆడవాళ్ల ఆట కమోగీకి 1904లో వేరే సంఘం వచ్చింది. క్లబ్బుకు పునాది చర్చి పరిధిలోని ఊళ్లు. పుట్టిన ఊరి క్లబ్బుకే ఆడటం అక్కడి ఆనవాయితీ. కిల్‌కెన్నీ జిల్లాలో బాలీహేల్ షామ్‌రాక్స్ అనే క్లబ్బును 1972లో మూడు చిన్న ఊళ్లు కలిసి పెట్టుకున్నాయి. తొమ్మిదేళ్లకే, 1981లో, అది ఐర్లాండు క్లబ్బులన్నిటికీ విజేత అయింది. ఆ పట్టం ఇప్పటికి తొమ్మిదిసార్లు గెలిచింది. హర్లింగ్ దిగ్గజం హెన్రీ షెఫ్లిన్ ఆ మట్టిలోనే తయారయ్యాడు. ఎనభై వేల మంది పట్టే డబ్లిన్ క్రోక్ పార్కులో ఫైనల్ ఆడినవాడికి కూడా జీతం లేదు. సోమవారం నుంచి ఎవరి ఉద్యోగం వాళ్లదే.

మన దగ్గర కథ పైనుంచి కిందికి నడిచింది. ముందు జాతీయ సమాఖ్య, తర్వాత రాష్ట్ర, జిల్లా సంఘాలు. ఊరిదాకా వచ్చేసరికి కాగితం అయిపోయింది. 2014లో ప్రో కబడ్డీ మొదలైంది, తెలుగు టైటాన్స్ పుట్టింది. ఆ జట్టుకు పేరు తెచ్చిన రైడర్ రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ కుర్రాడు. వేలంలో కొన్న జట్టుకు ఊరుతో పనేముంది? అందులో తప్పు పట్టడానికీ లేదు. పల్లె పిల్లలకు రైల్వే కొలువో పోలీసు కొలువో తప్ప దారి లేని ఆటలో లక్షలు కళ్లజూసే రోజు వచ్చింది. 'ఒక్కడు' నుంచి 'భీమిలి కబడ్డి జట్టు' దాకా సినిమాలూ దీనికి వెలుగు తెచ్చాయి. కానీ ఆటగాడు పైకెళ్లాక అతను వదిలిన బరిలోకి తర్వాతి పిల్లవాణ్ణి తెచ్చి నిలబెట్టే ఏర్పాటు ఊళ్లో ఉందా అన్నదే ప్రశ్న. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మన పురుషులు ఇరాన్ చేతిలో, మహిళలు ఫైనల్లో మళ్లీ ఇరాన్ చేతిలోనే ఓడారు. ఆట మనదే కదా అన్న ధీమా పాయింట్లు తెచ్చిపెట్టదని ఆ రెండు ఓటములూ చెప్పాయి.

తిరువూరు 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. జిల్లాల పేర్లు, హద్దులు మారినా బరికి కావలసింది మారదు. ఆటకని రాసిచ్చిన కాస్త స్థలం, దానికి రిజిస్టరైన ఊరి సంఘం, ఏటా ఊరి ముందు చదివే జమాఖర్చులు. టోర్నమెంటు కరపత్రంలో మగపిల్లల విభాగం పక్కన ఆడపిల్లల విభాగం తప్పనిసరి కావాలి, బహుమతి సొమ్ము ఇద్దరికీ ఒకటే ఉండాలి. బహుమతి దాతల్లో ఇద్దరు ముగ్గురు ఒక్క ఏడాది కప్పు మానుకుని ఆ సొమ్ము స్థలానికి ఇచ్చినా పని మొదలవుతుంది.

ఈలోగా డబ్బు అక్కర్లేని పని ఒకటుంది. పాత ఆటగాళ్లు, గీతలు గీసినవాళ్లు, విజిలు ఊదిన మాస్టార్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఊరి వారీగా వాళ్ల పేర్లు, ఆడిన సంవత్సరాలు, గెలిచిన కప్పులు ఒక పుస్తకంలోకి ఎక్కించాలి. వచ్చే ప్రత్యేక సంచికకు మొదటి పేజీ అదే అవుతుంది.