సందులో తోట

తెనాలి, బాపట్ల, రేపల్లె పాత వీధుల్లో ఇళ్లు ముందు నించి చూస్తే ఇరుకు, లోపలికి వెళ్తే పొడుగు. అరుగు, సావిడి, వంటిల్లు దాటితే దొడ్డి. పక్కింటి గోడకీ మన గోడకీ మధ్య మూడు నాలుగడుగుల సందు. వంటింటి స్త్రీకి భూమి అంటూ దొరికింది ఆ కాస్తే.

ఈ ప్రాంతపు చరిత్ర అనగానే 1852లో మొదలై 1855లో పూర్తయిన కృష్ణ ఆనకట్టా, కాటన్ పేరూ, వరి, కాలవలూ చెప్తారు. కాలవ నీళ్లు వరికి పోయాయి. దొడ్డికి మాత్రం స్నానాల నీళ్లూ, అంట్లు కడిగిన నీళ్లూ వచ్చాయి. తూము బయటపడే చోట అరటి, దాని నీడలో చేమ. మురుగు తాగేసే మొక్క అరటి అని ఏ పుస్తకమూ చదవని ఆడవాళ్లు కనిపెట్టారు. బియ్యం కడిగిన నీళ్లు మల్లెకి, పులిసిన మజ్జిగ కరివేపాకుకి, పొయ్యిలో బూడిద బచ్చలి మీదికి. సందులో ఎండ పడేది మధ్యాహ్నం గంటో రెండు గంటలో. అందుకని పాదు కింద పెట్టి, పురికొస కట్టి దొండనీ, పొట్లనీ, చిక్కుడునీ పైకెక్కించేవారు. వేళ్లు నీడలో, పూతా కాతా ఇంటికప్పు మీద. నేల తక్కువైనప్పుడు ఆకాశాన్ని వాడుకోవడం అన్నమాట.

మూడూళ్లూ ఒక్కటి కావు. తెనాలి నల్లనేల నీటిని పట్టి ఉంచుతుంది, వానాకాలంలో వేళ్లు కుళ్లబెడుతుంది కూడా. బాపట్ల వైపు ఇసక నేల. పోసిన నీరు పోసినట్టే ఇంకిపోతుంది, పేడా ఆకులూ ఎన్ని తట్టలు వేసినా చాలదు. రేపల్లె దాటి సముద్రం దగ్గరపడే కొద్దీ బావినీళ్లు ఉప్పన. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల వచ్చింది. దేశమంతా తినే బి.పి.టి. 5204 వరి 1986లో ఆ ఊరి నించే విడుదలైంది. ఆ గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. అదే ఊళ్లో ఇసకలో కనకాంబరం బతికించిన చేతులకి శాస్త్రం అన్న పేరు రాలేదనే అంటున్నాను.

అయితే ఈ సందు ఎందుకు పుట్టింది? తోట కోసం కాదు. చాలా పాత ఇళ్లలో మరుగుదొడ్డి ఇంటి వెనక చివర ఉండేది. పాకీ పని చేసే స్త్రీ ఇంట్లోకి రాకుండా, ఎవరికీ తగలకుండా, తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చిపోయే దారి అది. దొడ్డి అన్న మాటకి రెండర్థాలూ అక్కడే కలుస్తాయి. సెప్టిక్ ట్యాంకులు వచ్చాక ఆ దారి ఖాళీ అయింది, అందులో జాజి మొలిచింది. ఆ పనిని నిషేధిస్తూ చట్టం రావడానికి 1993 దాకా పట్టింది, అదీ చాలక 2013లో మరొకటి చేయాల్సి వచ్చింది. మా అమ్మమ్మ తోట గురించి మురిసిపోతూ రాయబోయినప్పుడల్లా ఆ తట్ట అడ్డం వస్తుంది. రావాలి కూడా. అమ్మమ్మ నాటిన నేలని అంతకుముందు రోజూ తొక్కినామెకి తన ఇంటి దగ్గర మొక్క పెట్టుకునే చోటుండేదా?

తోట లోపలా నిషేధాలు తక్కువేం కాదు. బయట చేరిన రోజుల్లో తులసినీ మల్లెనీ ముట్టుకోకూడదు, మొక్క మాడిపోతుందనేవారు. పూల మొక్కలకి రోజూ నీళ్లు పోసింది చాలా ఇళ్లలో భర్త పోయిన మేనత్తలూ పెద్దమ్మలూ. పూలు కోసి, మాలకట్టి, ఇంట్లో పిల్లలందరికీ పంచేవారు. తాము పెట్టుకోరాదు. మరువం, దవనం కలిపి కట్టడంలో వాళ్లని మించినవాళ్లు లేరు.

1974లో ఆలిస్ వాకర్ తన తల్లి పెంచిన తోటని ఒక కళాకారిణి పనిగా చూస్తూ వ్యాసం రాసింది. మన జాతీయ నమూనా సర్వే మాత్రం ఇంటిపని చేసే స్త్రీకి 92 అని సంకేతం ఇచ్చింది; ఇంటి వాడకానికి కూరగాయలు, కట్టెలు సేకరించే, బట్టలు కుట్టే స్త్రీకి 93. ఇద్దరూ శ్రామికుల లెక్కలోకి రారు.

ఇక ఆస్తి. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ఇంటిని నిలువునా కోస్తారు, అందరికీ వీధి ముఖం కావాలి కదా. అలా దొడ్లు సందులయ్యాయి, సందులు గోడలయ్యాయి. 1985 సెప్టెంబరు 5 నించి అమల్లోకి వచ్చిన రాష్ట్ర సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమానహక్కు ఇచ్చింది గానీ అప్పటికే పెళ్లయినవాళ్లని వదిలేసింది. 2005 కేంద్ర సవరణతో ఆ తేడా పోయింది. పుట్టింట్లో అలా ఉంటే, తోట వేసింది కోడలిగా వచ్చిన ఇంట్లో. అక్కడ పంపకం అన్నదమ్ముల మధ్య. కొలత టేపు పట్టుకున్నవాళ్లు మొక్క ఎవరిదని అడగరు.

మా ఇంట్లో పంపకాలైనప్పుడు బావి ఒక వాటాలోకి పోయింది, పూడ్చేశారు. జాజి మొదలు గోడకి అవతల పడింది. తీగ మాత్రం మా వైపు వాలి పూసేది. అమ్మమ్మ రోజూ సాయంత్రం స్టూలెక్కి, గోడ మీదుగా అవతలికి చెంబుడు నీళ్లు పోసేది. మూడేళ్లకి వాళ్లు గోడ ఎత్తు పెంచారు.