బ్రేక్ డాన్సూ, బీరువా తాళమూ

ఈ ప్రత్యేక సంచికకు డి.ఏ. బకాయిల గురించి రాస్తాననుకున్న మిత్రులు మన్నించాలి. నేను రాస్తున్నది బ్రేక్ డాన్సు చరిత్ర.

1987 జులైలో ‘పసివాడి ప్రాణం’ విడుదలైంది. మలయాళ చిత్రానికి తెలుగు రూపం, కోదండరామిరెడ్డి దర్శకత్వం. కథ మాటరాని పసివాడిదే అయినా, కుర్రకారు చెప్పుకున్నది మాత్రం చిరంజీవి బ్రేక్ డాన్సు గురించి. బాణీ కట్టిన చక్రవర్తి మన గుంటూరు జిల్లావారు. చిరంజీవి మాత్రం పరాయివాడా? తండ్రి కానిస్టేబులు. ఆయన బదిలీల వెంట తిరుగుతూ బాపట్లలో, పొన్నూరులో కూడా చదువుకున్నాడు. ఆ బదిలీల అవస్థ మన సభ్యులకు వేరే చెప్పాలా!

అప్పుడు నగరంలో మా వరండా గచ్చు మీద మావాడు ఒకటే సాధన. మోకాళ్ల దగ్గర పాంట్లు చిరిగాయి. “ఇదేం పూనకంరా?” అని టేపురికార్డరు బీరువాలో పెట్టి తాళం వేశాను. వాడు మళ్లీ అడగలేదు.

ఆ నాట్యం ఎక్కడిదో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1970లలో న్యూయార్కు బ్రాంక్సులో పేద నల్లజాతి, ప్యూర్టోరికో కుర్రాళ్లు మొదలుపెట్టారు. రికార్డులో పాట ఆగి డప్పు ఒక్కటే మోగే చోటు పేరే ‘బ్రేక్’. గురువు అక్కర్లేదు, గజ్జెలు అక్కర్లేదు, నేల ఉంటే చాలు. 1984లో కానన్ కంపెనీ దీని మీద ఏడాదిలోనే రెండు సినిమాలు తీసింది. డిసెంబరులో వచ్చిన రెండోదాని పేరు ‘బ్రేకిన్ 2: ఎలక్ట్రిక్ బూగలూ’. పేట పిల్లలు చేరే పాత హాలును కూల్చబోతే, డాన్సు చేసి దాన్ని కాపాడుకోవటం కథ. విమర్శకులు నవ్వారు. రెండో భాగం అనగానే ఎగతాళిగా ఆ పేరు తగిలించటం అమెరికాలో అలవాటైంది. అయినా జనం దాన్ని వదల్లేదు. 2014లో ఆ కంపెనీ మీద తీసిన డాక్యుమెంటరీకీ అదే పేరు పెట్టారు.

మనవరాలు చూపిస్తే నేనూ చూశాను. ఒక కుర్రాడు గోడలెక్కి, పైకప్పు మీద నాట్యమాడతాడు. గదినే గుండ్రంగా తిప్పే కిటుకు అది, 1951లో ఫ్రెడ్ ఆస్టెయిర్ చేసినదే. కథ పేలవమే, కాదనను. కానీ ఆ కుర్రాళ్లు డాన్సు కోసం వేషం వేసుకున్న నటులు కారు, వీధిలో నేర్చి వచ్చినవాళ్లు. ఆ సంతోషం నటన కాదు గనకే నిలిచిందని నా అభిప్రాయం.

బాపట్లలో పుట్టి తెనాలి రామవిలాస సభలో వెలిగిన స్థానం నరసింహారావుగారి సత్యభామ నడక గురించి మన పెద్దలు ఎంతగా చెప్పుకునేవారు! ఒంటి విరుపులో విద్య ఉంటుందని ఎరిగిన ప్రాంతం మనది. మరి గచ్చు మీది పిల్లవాడిలో నాకది ఎందుకు కనబడలేదో!

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్సులో బ్రేక్ డాన్సుకు పతకాలిచ్చారు. టీవీలో అందరం చూశాం. యాభై దాటిన మావాడు మోకాళ్లు పట్టుకుంటూ లేచి, వరండాలోకి వెళ్లి, కూతురి ముందు నాలుగడుగులు వెనక్కి జారాడు. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. టేపురికార్డరు మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.