ఉన్న ఫైలు ఎందుకు కనబడదు?

ఫైలు మన ఎదుట డిస్కులోనే ఉండును. కంపైలరు మాత్రము అట్టి ఫైలు లేదని చెప్పి పని మానివేయును. సి భాష నేర్చుకొను విద్యార్థులకు ఈ అనుభవము తరచు కలుగును. యంత్రము అబద్ధమాడుట లేదు. తాను వెదకిన చోట్ల ఆ ఫైలు లేదనియే దాని భావము. ఈ చోట్ల వెనుక కొంత చరిత్ర కలదు.

1949లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో ఎడ్సాక్ అను గణకయంత్రము పనిచేయ నారంభించెను. తరచు కావలసిన లెక్కల భాగములను అచ్చట కాగితపు టేపులపై రంధ్రములుగా పొడిచి భద్రపరచిరి. కావలసిన టేపును మనిషియే వెదకి, నకలు తీసి, తన ప్రోగ్రాములో కలుపుకొనవలెను. 1952లో గ్రేస్ హాపర్ యూనివాక్ యంత్రమునకై ఏ-0 అను కూర్పరిని తయారుచేసిరి. సంఖ్య చెప్పినచో అది అయస్కాంత టేపునుండి ఆ భాగమును తానే తెచ్చి చేర్చెడిది.

వెదకు చోట్లు అనేకమైనచో ఏది ముందు అను ప్రశ్న పుట్టును. 1970 దశాబ్దపు తొలి యేండ్లలో బెల్ ప్రయోగశాలలో యునిక్సు పెరుగుచుండగా మొదటి డిస్కు చాలక, కొన్ని ఆజ్ఞలు రెండవదానికి మారెను. అందుచే ఆజ్ఞను మొదట ఒక చోట, లేనిచో మరియొక చోట వెదకవలసి వచ్చెను. 1979 నాటి ఏడవ యునిక్సులో ఈ చోట్ల పట్టికకు పాత్ అను పేరు వచ్చెను; దానిని ఎవరికి వారు మార్చుకొనవచ్చును.

చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. హెడరు దొరకలేదనగానే విద్యార్థి పోయి పాత్‌ను మార్చును. ఫలితముండదు! పాత్ ఆజ్ఞలను వెదకుటకు మాత్రమే. హెడరులకు వేరు పట్టిక, కూర్పరి చేర్చు లైబ్రరీలకు మరొకటి. 1987లో వెలువడిన జీసీసీలో హెడరుల పట్టికకు పెద్ద ఐ గుర్తుతోను, లైబ్రరీల పట్టికకు పెద్ద ఎల్ గుర్తుతోను క్రొత్త చోట్లు చేర్చుదురు. చిన్న వి గుర్తు నిచ్చి కంపైలరును నడపినచో అది హెడరులకై ఏయే చోట్ల ఏ వరుసలో చూచునో తెరపై చెప్పును. ఊహించుటకన్న దానిని చదువుట మేలు.

ఫైలు దొరకకపోవుట నా దృష్టిలో చిన్న తప్పు. కనీసము అది కేక వేయును. అదే పేరుగల పాత హెడరు ముందు దొరకుట పెద్ద తప్పు. హెడరు పాతది, లైబ్రరీ క్రొత్తది అయినచో ప్రోగ్రాము చక్కగా తయారై, నడచునప్పుడు తప్పు లెక్కలు చెప్పవచ్చును.

తరగతిలో ఇట్లు చేసి చూడవచ్చును. ఒక విద్యార్థి తన ఫోల్డరులో స్ట్రింగ్.హెచ్ అను ఖాళీ ఫైలు నుంచవలెను. పేరును ఉల్లేఖన చిహ్నముల మధ్య వ్రాసినచో కంపైలరు ఆ ఖాళీ ఫైలునే తీసికొనును. కోణపు గుర్తుల మధ్య వ్రాసినచో అసలు దానిని తెచ్చును. పిమ్మట పెద్ద ఐ గుర్తుతో తన ఫోల్డరును పట్టికలో చేర్చి చూడవలెను. ఇప్పుడు కోణపు గుర్తులున్నను ఖాళీ ఫైలే వచ్చును.