అపెండిసైటిస్

అపెండిసైటిస్ అనగా ఉండుకమునకు (అపెండిక్స్) కలిగే వాపు. ఉండుకము పెద్దప్రేగు మొదటి భాగమునకు అంటుకొని, వానపాము ఆకారంలో ఉండే సన్నని గొట్టము. తెలుగునాట ఈ వ్యాధిని వాడుకలో '24 గంటల కడుపునొప్పి' అంటారు. అయితే 24 గంటలు వేచి చూడవచ్చునని ఈ పేరుకు అర్థము కాదు. ఇది ఏ వయసు వారికైనా రావచ్చును. 10 నుండి 30 సంవత్సరాల మధ్య వారిలో ఎక్కువ.

కారణాలు

గట్టిపడిన మలము గాని, వాచిన లింఫు కణజాలము గాని ఉండుకపు ద్వారమును మూసివేసినప్పుడు, లోపల బాక్టీరియా పెరిగి చీము పడుతుంది. రక్తప్రసరణ ఆగిపోతే గోడ కుళ్ళి చిల్లు పడుతుంది.

వ్యాధి లక్షణాలు

* నొప్పి మొదట బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల తరువాత పొట్ట కుడివైపు క్రింది భాగమునకు మారుతుంది. ఈ వ్యాధిని గుర్తించడానికి ఇది ముఖ్యమైన ఆధారము.
* ఆకలి మందగించడం, వికారం, వాంతులు. సాధారణంగా నొప్పి వచ్చిన తరువాతనే వాంతులు మొదలవుతాయి.
* స్వల్ప జ్వరము.
* దగ్గినా, నడిచినా నొప్పి పెరగడం.
* నొప్పి ఉన్నచోట నొక్కి, ఒక్కసారిగా చేయి తీసినప్పుడు నొప్పి ఎక్కువవడం.

చిన్నపిల్లలు, వృద్ధులు, గర్భిణీ స్త్రీలలో ఈ లక్షణాలు స్పష్టంగా కనిపించకపోవచ్చును.

ప్రమాద సూచనలు

తీవ్రమైన నొప్పి హఠాత్తుగా తగ్గితే వ్యాధి నయమైనదని భావించరాదు. ఉండుకము పగిలినప్పుడు లోపలి ఒత్తిడి తగ్గి, కొంతసేపు ఉపశమనం కలుగవచ్చును. తరువాత పొట్ట అంతా నొప్పి వ్యాపించి, బిగుసుకొని, జ్వరము పెరుగుతుంది. దీనిని పెరిటోనైటిస్ అంటారు. ఇది ప్రాణాంతకము.

ఇతర వ్యాధులతో భేదము

పిత్తాశయపు రాళ్ళ వలన నొప్పి కుడి ప్రక్కటెముకల క్రింద వస్తుంది. మూత్రపిండాలలో రాళ్ళ నొప్పి నడుము ప్రక్క నుండి గజ్జలకు ప్రాకుతుంది. జీర్ణాశయపు పుండు వలన పొట్ట పైభాగంలో మంట కలుగుతుంది. స్త్రీలలో అండాశయ వ్యాధులు కూడా ఇటువంటి నొప్పి కలిగించవచ్చును.

చికిత్స

అపెండిసైటిస్ అనుమానం ఉన్నప్పుడు విరేచనాల మందులు గాని, ఎనిమా గాని తీసుకొనరాదు. వీటి వలన ఉండుకము పగిలే అవకాశమున్నది. ఆహారము కూడా మాని వెంటనే వైద్యుని సంప్రదించవలెను. రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్, సి.టి. స్కాన్ ద్వారా వ్యాధిని నిర్ధారిస్తారు. శస్త్రచికిత్స ద్వారా ఉండుకమును తొలగించడం ప్రధాన చికిత్స. చిల్లు పడని కొందరిలో యాంటీబయాటిక్ మందులతో కూడా తగ్గవచ్చును గాని, మరల వచ్చే అవకాశమున్నది.

చరిత్ర

1735లో లండన్‌లో క్లాడియస్ అమియాండ్ మొదటిసారిగా ఉండుకమును తొలగించాడు. 1886లో అమెరికా వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ ఈ వ్యాధిని వివరించి ప్రస్తుత నామమునిచ్చాడు. ఉండుకము వద్ద ఏర్పడిన చీముగడ్డ కారణంగానే 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం వాయిదా పడినది.