పల్లవి తొలిమాట

తెలుగుపాటకు వేరుగా పేరు పెట్టు ఆచారము లేదు. కావ్యమునకు నాయకుని పేరో, నాటకమునకు కథాంశమో శీర్షికయై నిలుచును గాని, కీర్తనకును, పదమునకును, చలనచిత్రగీతమునకును దాని తొలి రెండు మూడు మాటలే పేరు; అందుచేత ఒక పాటను పాడుమని యడుగదలచినవాడు దానిని ఎంతో కొంత తానే పాడి యడుగవలసి వచ్చును. ఈ యలవాటు మనకు పాటతోపాటే పుట్టినదైనను, అది ఒక విద్యవలె, ఒక పందెమువలె ఊరూర వ్యాపించి పండిన కాలము 1960 మొదలు 1970 వరకు గల దశాబ్దమని నా నమ్మకము. ఆ పదేండ్లును నేను ఆదోనిలో చదువుకొనుచు, సెలవులకు ఎమ్మిగనూరులో చిన్నాయన ఇంటికి పోవుచు గడిపితిని గనుక, ఆ రెండూళ్ళ చెవులతోనే ఈ చరిత్రను వింటిని.

ఆదోని రైల్వేస్టేషనుకు పోవు దారిలో ఒక టీ అంగడి యుండెడిది. మార్కెట్టులో పత్తి దించి వచ్చిన బండ్లవారును, జిన్నింగు మిల్లులో పని దిగిన కూలీలును, తల మీద ఇంకను దూది నలుసులు అంటియుండగానే అక్కడ బల్లల మీద కూర్చుండి, అరమీద నున్న రేడియో వైపు చెవి యొగ్గెడివారు. అంగడి యజమాని చేసెడి చమత్కారము నాకు ఇప్పటికిని కంటికి కట్టినట్లున్నది: చిత్రము పేరు, కవి పేరు, గాయకుల పేర్లు చెప్పు ప్రకటన వచ్చునప్పుడు రేడియో గొంతు బొత్తిగా తగ్గించి, వాద్యములు మొదలుకాగానే పెంచును. గాయకుడు నోరు తెరవకముందే చిత్రము పేరు చెప్పినవానికి పక్కవాడు టీ ఇప్పించవలెను. తొలిమాట వినబడిన పిదప చెప్పినవానికి ఏమియు లేదు, ఏలయన అంతటితో అది పసిపిల్లలకు సైతము తెలిసిపోవును. “చెప్పప్పా చూద్దాం, ఏ సినిమాదో!” అని ఒకడు కవ్వించుటయు, “ఉండప్పా, ఇంగా ఎత్తుకోనీ!” అని రెండవవాడు చేయి యడ్డముపెట్టుటయు ప్రతిదినము నడచెడి ముచ్చట.

ఈ గుర్తుపట్టు నేర్పుకు వేళ్ళు మిక్కిలి లోతున నున్నవి. తాళ్ళపాకవారి రాగిరేకులపై రాగము పేరు చెక్కి, దానివెంట పల్లవినే మొదలుపెట్టిరి గాని సంకీర్తనకు శీర్షిక యుంచలేదు. త్యాగరాజకృతుల గ్రంథములు తెరచిన, అకారాదిక్రమమున నుండునది తొలిమాటల పట్టికయే. శతకపద్యము సంగతి వేరు; దాని చివరనున్న మకుటము వినగానే ఇది వేమనదని చెప్పుదుము గాని, ఏ పద్యమో చెప్పుటకు మరల మొదటి పాదమునకే పోవలెను. మా పశ్చిమసీమలో హరిదాసుల పదములకును ఇదే ధర్మము. గుంతకల్లు చేరువనున్న చిప్పగిరిలో తనువు చాలించిన విజయదాసులవారు (1682–1755) తమ కన్నడ పదములను “విజయవిఠల” అను అంకితముతో ముగించిరి. ఆ యంకితము కర్తను చెప్పును; పల్లవి పాటను చెప్పును. మంత్రాలయము పోవు భజనబృందములలో, కన్నడ మక్షరము రాని తెలుగు స్త్రీలు సైతము ఎవరో ఒకరు పల్లవిలోని తొలిమాట అందించినంతనే తక్కిన పదమంతయు తడబడక పాడుట నేను చూచితిని. తొలిమాట వారికి తాళపుచెవి వంటిది.

పిదప నాటకము వచ్చినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు గదా ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు బళ్ళారి జిల్లా నుండి విడివడి మనవైపు వచ్చినవి. అంతకుముందు ఆదోనికి, ఆ తాలూకాలోనిదే యైన ఎమ్మిగనూరుకు, జిల్లాముఖ్యపట్టణము బళ్ళారియే. ఆ బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు (1853–1912) సరసవినోదినీ సభను నెలకొల్పి, తెలుగు నాటకములలో పాటలు ప్రవేశపెట్టిరి. వారి మేనల్లుడగు బళ్ళారి రాఘవ (1880–1946) నటనమును మ్రింగివేయు రాగాలాపనము నిరసించి సహజాభినయమునకు పట్టుగట్టుట ఆ ఇంటిలోనే జరిగిన మరొక విశేషము. కాని జనసామాన్యము రాఘవగారి నటనకు చేతులు జోడించుచునే, పద్యమునకు మాత్రము చెవులప్పగించెను. హార్మోనియముమీద శ్రుతి మెదలి, నటుడు ఒక యడుగు ముందుకు వేసినంతనే రాబోవు పద్య మేదో ప్రేక్షకులకు తెలిసిపోవును. ఒక్క మాట అతడు పలుకును, తక్కిన పాదము వెనుకవరుసలోనివారు పెదవులతో పలుకుదురు. ఆ చెవులే కొన్నాళ్ళకు సినిమాశాలలలోనికి నడచి వచ్చినవి.

గ్రామఫోను ఈ యలవాటును అచ్చువేసి స్థిరపరచినది. పది అంగుళముల రికార్డు ఒక్క ప్రక్కన మూడు నిమిషములకు కొంచెము పైగా మాత్రమే మ్రోగును; గుండ్రని చీటీపై చిత్రనామము, గాయకుల పేర్లు, పాట తొలిమాటలు తప్ప మరేమియు పట్టవు. మ్రోగు కాలము కొంచెము గనుక పాట సాగదీత లేకుండ త్వరగా పల్లవినందుకొనవలెను, ఆ పల్లవియు తొలివరుసలోనే శ్రోతను కట్టిపడవేయవలెను. దీనికి తోడు సినిమాశాల వాకిట అమ్మెడి పాటల పుస్తకము. అణాకో రెండణాలకో దొరకెడి ఆ పలుచని పుస్తకములో కొంత కథ చెప్పి, తక్కినది వెండితెరపై చూడుమని ఊరించి, పాటలన్నియు అచ్చువేసెడివారు. ఆదోనిలో ఆట చూడలేని పేదపిల్లలకు ఆ పుస్తకమే ఆట. దానిని చేతబట్టి ఎవరు పల్లవి అందించినను చరణములు ఏకరువు పెట్టెడివారు నా తరగతిలో నలుగురైదుగురుండిరి.

ఇక రేడియో. బి.వి. కేస్కర్ కేంద్రమంత్రిగా నుండి, 1952 పిమ్మట ఆకాశవాణిలో సినిమాపాటలకు చోటు బాగుగా తగ్గించగా, దేశమంతయు రేడియో సిలోను వైపు ముల్లు త్రిప్పెను. 1957 అక్టోబరు 3న వివిధభారతి వెలసి ఆ శ్రోతలను కొంతకు కొంత ఇంటికి రప్పించెను. 1963లో కడప కేంద్రము తెరచిరి. అయినను ఆదోనిలో ముల్లు ఒక్కచోట నిలిచెడిది కాదు: కొంచెము జరిపిన ధార్వాడ కన్నడము, ఇంకొంచెము జరిపిన హైదరాబాదు, రాత్రివేళ షార్టువేవుమీద కెరటమువలె లేచి పడుచు సిలోను. బుధవారము రాత్రి సిలోనులో హిందీపాటలు వినిపించు అమీన్ సయానీ కంఠము వినుటకు మసీదు వీధి కుర్రవారును, మార్వాడీ పత్తి వర్తకుల పిల్లలును ఒక్కచోట చేరెడివారు. ఇట్లు మూడు భాషల పాటలు ఒకే పెట్టెలోనుండి వచ్చునప్పుడు, మావారికి ‘ఏ పాట’ అను ప్రశ్నకు ముందు ‘ఏ భాష’ అను ప్రశ్న తగిలెడిది. కోస్తావారికి ఈ చిక్కు లేదు. ఈ యానందమును లేదు.

చిక్కు ఎంతటిదో చెప్పెదను. కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ తెలుగులో ఎంత మృదువుగా పాడునో, కన్నడములో రాజ్‌కుమార్‌కు అంత నిండుగా పాడెను, మన ఎస్. జానకి కంఠము కన్నడిగులకు ఇంటి కంఠమాయెను. కనుక వేణువు పలికి, వీణ పలికి, శ్రీనివాస్ కంఠము సన్నగా కూనిరాగము తీయుచున్నంతసేపును అది తెలుగో కన్నడమో ఆదోనివాడు ప్రమాణముచేసి చెప్పలేడు. తొలిమాట పడిన తరువాతనే భాష తేలును. 1966లో కన్నడమున ‘మంత్రాలయ మహాత్మె’ వచ్చినది, రాఘవేంద్రస్వామిగా రాజ్‌కుమార్, సంగీతము రాజన్-నాగేంద్ర. తుంగభద్రకు ఇవతలి తెలుగుపల్లెలలో ఆ పాటల తొలిమాటలు తెలుగుపాటలవలెనే చలామణి యయ్యెను. కథ మన తాలూకాలోనిది గదా, భాష పరాయిదని యెవరికిని తోచలేదు.

ఆ దశాబ్దపు పల్లవులకు ఇంతటి జ్ఞాపకబలము ఎట్లు కలిగినదను ప్రశ్నకు, నాకు దొరకిన ముఖ్యమైన సమాధానము మాటకును బాణీకిని గల పొత్తు. కె.వి. మహదేవన్ తెలుగు మాతృభాషగా గలవాడు కాడు. అయినను కవి సాహిత్యమును వ్రాసియిచ్చిన పిదపనే, దానిని ముందుంచుకొని, మాట నడకనుండి బాణీ కట్టుట ఆయన పద్ధతి. సహాయకుడు పుహళేంది ఆయనకు కుడిభుజము. ‘మంచి మనసులు’ (1962), ‘మూగ మనసులు’ (1964) చిత్రములలోని పాటలు వినుడు: ఎవరో ఎవరినో పిలిచినట్లో, అడిగినట్లో, నిష్ఠూరమాడినట్లో మొదలగును గాని, పాట మొదలైనట్లు మొదలుకావు. కవి ఆత్రేయ ఇంటిమాటను, గుండెలోని మాటను తెచ్చి తొలివరుసలో నిలుపగా, మహదేవన్ ఆ మాటలోని ఒత్తునే స్వరములో నుంచెను. అట్టి మాట చెవిన పడగానే మనము తల త్రిప్పి చూతుము. ఎవరో పిలిచిరని చూతుము.

పింగళి నాగేంద్రరావుగారి దారి వేరు. ‘జగదేకవీరుని కథ’ (1961)లో, ‘గుండమ్మ కథ’ (1962)లో ఆయన పల్లవి మాటలు కొన్ని నిఘంటువులో వెదకిన దొరకునవి కావు, కాని విన్నవానికి అర్థము కాకపోవు. ‘జగదేకవీరుని కథ’లో పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీకానడలో కూర్చిన దేవీస్తోత్ర గీతమున ఘంటసాల రాగము నెత్తుకొనునప్పుడు మాటతో పనియే లేదు, మా టీ అంగడిలో ఆ పాటకు పందెము కట్టెడివారు కారు, అందరును గెలుతురు గనుక. 1962లో ‘గులేబకావళి కథ’తో అడుగిడిన సి. నారాయణరెడ్డిగారు తత్సమపదములను సైతము పామరుల నాలుకపై నాట్యమాడించిరి. కొసరాజు పల్లవి సంతలో కేకవలె ఉండును. ఎడ్లబండిమీద పోవుచు దానిని పాడుటకు శ్రుతియు నక్కరలేదు. వీటి యన్నింటి మీదను ఘంటసాల ఉచ్చారణ. రంగస్థలపద్యమునకు ఆయన దీర్ఘాలాపనము తగ్గించి మాట విడివిడిగా వినబడునట్లు చేసెను. ఆ స్పష్టతయే పాటలలోనికిని వచ్చెను. ‘లవకుశ’ (1963) నాటికి పి. లీల, సుశీల కంఠములు కలిసి రామకథకు పిలిచిన తొలిమాటను బడిలో చదువని వృద్ధురాండ్రును గుర్తింపగలిగిరి.

ఎమ్మిగనూరులో ఈ విద్యకు మరొక రూపము గలదు. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘము నీడన ఊరు ఊరంతయు మగ్గమై మ్రోగుచుండెడిది. చిన్నాయన గుంటమగ్గములో కూర్చుండి, కాళ్ళతో తొక్కుచు, నాడె ఇటునుండి అటు విసరుచు, రేడియో పెట్టుమని నాకు సైగచేయును. మగ్గము చప్పుడులో సన్నని వాద్యములు వినబడవు. తబలా దెబ్బ ఒక్కటే పడుగు సందులలో నుండి వచ్చినట్లు వచ్చును. ఆ నడకకు ఆయన కాలు తనంత తానే సర్దుకొనును. నాడె వేగము మారినదని నేను గమనించులోగా ఆయన పెదవులు పల్లవి తొలిమాటను పలుకును, మరుక్షణమున రేడియోలో సుశీల అదే మాట పలుకును. ఒకనాడు ఎట్లు కనిపెట్టితివని యడుగగా, “నా కాలికి తెలుసురా, నన్నెందుకు అడుగుతావు?” అనెను. పోగు తెగినప్పుడు మాత్రము ముడివేయుటకై మగ్గము నాపును. ఆ నిశ్శబ్దములో వినబడిన చరణములే ఆయనకు వచ్చిన చరణములు.

తరువాతి కథ వేగముగా చెప్పవచ్చును. ట్రాన్సిస్టరు వచ్చి పందెమును అంగడినుండి పొలము గట్టుకు తీసికొనిపోయెను. క్యాసెట్టు వచ్చి, కావలసిన పాటను కావలసినప్పుడు పెట్టుకొను వీలు కలిగించి, ఊహించుటలోని ఉత్కంఠను తగ్గించెను. అంత్యాక్షరి ఆట పల్లవుల జ్ఞాపకమును నిలిపినది, నిజమే; కాని తొలివరుసతో ఆట ముందుకు పోవును గనుక చరణములను మరపించినది కూడ అదియే యని నాకు బాధ. ఆత్రేయ పల్లవి ఒక తలుపు, ఇల్లు లోపల నున్నది. తలుపు తట్టి పేరు చెప్పి వెనుకకు మరలువారే ఇప్పుడు ఎక్కువ.

చిన్నాయన పోయిన తరువాత ఆయన పెట్టెలో నూలు ఉండల క్రింద పాటల పుస్తకముల కట్ట దొరికెను. అట్టలు లేవు, చాలవరకు మొదటి పుటలును లేవు. పల్లవి యున్న కాగితములను చిత్రమువారీగా వేరుచేయుటకు నాకు ఒక పూట పట్టలేదు. ఒక కాగితము మాత్రము పైభాగము చెదలు తినగా రెండు చరణములు తప్ప మిగులలేదు. పలుమారు చదివితిని, గుర్తు రాలేదు. వాకిట రాట్నము ముందు కూర్చున్న పక్కింటి అవ్వకు దానిని పైకి చదివి వినిపించితిని. రెండవ చరణము సగములో ఆమె రాట్నము నాపి, చేయి యెత్తి నన్ను ఊరకుండుమని, కండ్లు మూసికొని, గొంతు సవరించుకొని పల్లవి యెత్తుకొనెను.