ఆనకట్టలకు గేట్లు, క్రేన్లు చేసిన హోస్పేట కార్ఖానా

శ్రీశైలం గేట్లెత్తారన్న వార్త వస్తే చాలు, మన అచ్చంపేట నుంచి మన్ననూరు, దోమలపెంట మీదుగా జనం బారులు తీరుతారు. మనుమలతో వెళ్ళిన మన పెన్షనరు మిత్రులు కూడా దుమికే నీటిని చూసి వస్తారు గాని, ఆ నీటిని ఆపే ఇనుప తలుపులను ఎట్లా చేస్తారు, అంత ఎత్తున ఎట్లా బిగిస్తారు అని అడిగేవారు తక్కువ. ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 55 అడుగుల ఎత్తు. అటువంటివి అక్కడ 12 ఉన్నాయి.

పాలమూరు వాళ్ళకు ఆనకట్టలు కొత్త కావు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరాన్ని రాతితో కట్టారు. కాంక్రీటు డ్యామంటే భారీ యంత్రాలు కావాలి. యంత్రాలకు విదేశీ మారకం కావాలి. ఆనాడు దేశం దగ్గర లేనిది అదే, ఉన్నది మనుషులు. పరంజాల మీద ఆడవాళ్ళు, మగవాళ్ళు వేలాదిగా బండలు, గంపలు మోసి 400 అడుగులకు పైగా లేపారు. పాలమూరు కూలీల చెమట అందులో చాలానే ఉంది. యంత్రాలు పెట్టి ఉంటే అంతమందికి కూలి దొరికేది కాదనేవారున్నారు. నిజమే. కాని ఆ పనిలో ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. ఆ మాట అనకుండా విదేశీ మారకం మిగిలిందని మాత్రమే చెబితే అది సగం మాటే అవుతుంది.

రాయి భుజానికెక్కుతుంది, గేటు ఎక్కదు. ఇక్కడే క్రేను సంగతి వస్తుంది.

మనకు దగ్గరలో ఈ విద్య వేళ్ళూనింది తుంగభద్ర దగ్గర. 1945 ఫిబ్రవరి 28న ఎడమ ఒడ్డున నిజాం ప్రభుత్వం తరఫున బేరారు యువరాజు, కుడి ఒడ్డున మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ శంకుస్థాపన చేశారు. ఒకే ఆనకట్ట, ఇద్దరు యజమానులు. 1953లో నీరు నిలిచింది. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు గల గేట్లు 33 పెట్టారు. కింద రాజోలిబండ దగ్గర మళ్ళించిన ఈ నది నీటితోనే మన ఉమ్మడి జిల్లాలోని గద్వాల, అలంపురం ప్రాంతాలకు 87,500 ఎకరాల ఆయకట్టు ఏర్పాటయింది.

ఆ ఆనకట్ట పనుల వర్క్‌షాపు నుంచే 1960లో తుంగభద్ర స్టీల్ ప్రోడక్ట్స్ అనే సంస్థ హోస్పేటలో పుట్టింది. ఆంధ్ర, మైసూరు ప్రభుత్వాలు భాగస్వాములు. తరువాత కేంద్ర ప్రభుత్వానికి పెద్ద వాటా వచ్చింది. గేట్లు, వాటిని ఎత్తే హాయిస్టులు, పెన్‌స్టాకు గొట్టాలు, డ్యాము మీద పట్టాలపై నడిచే గాంట్రీ క్రేన్లు, కార్ఖానాల కప్పు కింద తిరిగే ఓవర్‌హెడ్ క్రేన్లు, ఇవన్నీ చేసేది. రాంచీ హెవీ ఇంజనీరింగ్ పేరు దేశమంతా తెలుసు, మన రామచంద్రాపురం భెల్ పేరు ఇంటింటా తెలుసు. హోస్పేట పేరు మాత్రం డ్యాముల మీద పనిచేసినవారికే తెలుసు.

గాంట్రీ క్రేను పని చూడటానికి సులువుగా కనిపిస్తుంది. గేటు చెడితే దాని ముందున్న గాడిలోకి స్టాప్‌లాగు అనే ఇనుప పలకలను ఒకదానిపై ఒకటి దించి నీటిని ఆపుతారు. గాడిలో కొద్ది తేడా వచ్చినా పలక ఇరుక్కుంటుంది. అందుకే ఈ పనిలో నక్షా ఎంత ముఖ్యమో చేతి అలవాటూ అంతే ముఖ్యం.

పెద్ద డ్యాముల కాలం సన్నగిల్లింది, ఆర్డర్లు తగ్గాయి, సంస్థ ఖాయిలా పడింది. 2015 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం మూసివేతకు ఆమోదం తెలిపింది. ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ తీసుకుని ఇళ్ళకు వెళ్ళారు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. జలాశయం నిండుగా ఉంది. ఒత్తిడి తగ్గించటానికి మిగతా గేట్లూ ఎత్తవలసి వచ్చింది. నిల్వ చేసుకున్న నీరంతా కళ్ళముందే పోతున్నది. అప్పుడు పిలిచింది కన్నయ్య నాయుడుగారిని. ఆయన ఆ మూతపడిన సంస్థలో పనిచేసి రిటైరైన గేట్ల నిపుణులు. నీరు తగ్గేదాకా ఆగకుండా, పారే నీటిలోనే స్టాప్‌లాగు దించవచ్చునని ఆయన నిలబడ్డారు. చేయటానికి పాత కార్ఖానా లేదు. ఆ ప్రాంతపు ప్రైవేటు షెడ్లలో పలకలు చేయించారు. ఆగస్టు 16న మొదటి పలక గాడిలో కూర్చుంది. మరునాటికి ఐదూ దిగి, నీరు ఆగింది.